ధర చెప్పిన చేతులు

మన ప్రాచీన కావ్యాలలో రాజసభా వర్ణన వచ్చినప్పుడల్లా సింహాసనానికి ఇరువైపులా కొందరు స్త్రీలు నిలిచి ఉంటారు. వింజామరలు వీచేవారు కొందరు, తాంబూలపు పెట్టె పట్టుకొనే అడపకత్తెలు కొందరు. కవి వారి కంకణాల సవ్వడిని వర్ణిస్తాడు, వాలుచూపులను వర్ణిస్తాడు. పేర్లు మాత్రం చెప్పడు. సభ చాలించిన పిదప వారు ఏ ఇంటికి పోతారో, వయసు మళ్ళిన నాడు వారికి పట్టెడన్నం ఎవరు పెడతారో ఏ ఆశ్వాసంలోనూ కనబడదు.

ఇరవయ్యవ శతాబ్దంలో టెలివిజన్ అనే కొత్త సభ ఒకటి ఏర్పడింది. ఆ సభలో ఆటలు, పందేలు, బహుమతులు. బహుమతి పక్కన నిలిచి, చిరునవ్వుతో చేయి చాచి చూపించే స్త్రీని అక్కడ ‘మోడల్’ అన్నారు. ఈ వృత్తి అమెరికాలో విస్తారంగా పెరిగింది కనుక ఈ వ్యాసంలో ముఖ్యంగా ఆ దేశపు చరిత్రనే చెప్పుకుందాం. నన్ను ఆలోచింపజేసిన విషయం ఒక్కటే. వస్తువుల ధరలు ఊహించి చెప్పడమే ఆటగా గల చోట, ఆ వస్తువులను చూపిన మనిషికి ధర కట్టినవారెవరు? ఆ ధర ఎన్నాళ్ళు చెల్లింది? చెల్లని నాడు ఏమి జరిగింది?

ముందుగా ఒక మాట పుట్టుక చూద్దాం. భాష చెప్పిన పాత పంతులును కదా, ఆ అలవాటు వదలదు. దుస్తులు తొడిగి చూపించే వారికి ఐరోపాలో తొలుత వాడిన పేరు ‘మానెకిన్’. ఇది డచ్చి భాషలో ‘చిన్న మనిషి’ అనే అర్థం గల మాట నుంచి ఫ్రెంచిలోనికి వచ్చింది. చిత్రకారులూ దర్జీలూ వాడుకొనే బొమ్మకు అది పేరు. పందొమ్మిదవ శతాబ్దంలో పారిస్ నగరాన చార్లెస్ ఫ్రెడరిక్ వర్త్ అనే దుస్తుల రూపకర్త, బొమ్మలకు మారుగా సజీవులైన స్త్రీలకే దుస్తులు తొడిగి కొనుగోలుదారులకు చూపించారు. అంతట బొమ్మ పేరు ఆ స్త్రీలకు సంక్రమించింది. మనిషిని బట్టి బొమ్మకు పేరు పెట్టి, ఆ బొమ్మ పేరును తిరిగి మనిషికే తగిలించారన్నమాట! ఈ వృత్తి చరిత్ర అంతా ఆ ఒక్క మాటలో ఇమిడి ఉన్నదని నాకు తోస్తుంది.

ఇక టెలివిజన్ సంగతి. 1956 నవంబరు 26న ఎన్.బి.సి. సంస్థ ‘ది ప్రైస్ ఈజ్ రైట్’ అనే ఆటను ప్రారంభించింది. ‘ధర సరిగ్గా చెప్పారు’ అని మనం అనుకోవచ్చు. ఒక వస్తువును చూపిస్తారు. అసలు ధరను దాటకుండా దానికి అతి దగ్గరగా చెప్పిన వారికి ఆ వస్తువు దక్కుతుంది. నిర్వాహకుడు బిల్ కల్లెన్. బాల్యంలో పోలియో సోకడం వలన ఆయనకు నడక కష్టం. బల్ల వెనుక కూర్చునే ఆటను నడిపించేవారు. వేదిక మీద తిరుగుతూ వస్తువులను చూపించే పని జూన్ ఫెర్గూసన్, టోనీ వాలెస్ అనే ఇద్దరు స్త్రీలది.

ఇటువంటి ఆటలకు ఆదరణ పెరగడానికి చారిత్రకమైన కారణం ఒకటి ఉన్నది. 1950ల మధ్యలో అమెరికా టెలివిజన్ మీద రాజ్యమేలినవి విజ్ఞాన పరీక్షలు. పండితులవంటి వారు గాజు గదులలో నిలిచి కఠినమైన ప్రశ్నలకు జవాబులు చెప్పేవారు. ఆ జవాబులు కొందరికి ముందుగానే అందుతున్నాయని 1958లో గుట్టు బయటపడింది. ‘ట్వంటీ వన్’ అనే ఆటలో దేశమంతటి మన్ననా పొందిన చార్లెస్ వాన్ డోరెన్ అనే అధ్యాపకుడు 1959లో ఆ సంగతి ఒప్పుకున్నారు. 1960లో అటువంటి మోసాన్ని నేరంగా పరిగణిస్తూ చట్టం వచ్చింది. విద్య పేరిట జరిగిన ఆట మాసిపోయింది. సరుకుల ఆట నిలిచింది. వంటింటి సరుకు ధర చెప్పడానికి పాండిత్యం అక్కరలేదు. సంసారం నడిపే ప్రతి గృహిణీ అందులో పండితురాలే.

ఈ ఆటలలో శ్రమ విభజన గమనింపదగినది. వస్తువును వర్ణించేది ఒక కంఠం, చూపించేది ఒక చేయి. కంఠం పురుషునిది, చేయి స్త్రీది. 1972 నుంచి 1985లో మరణించే వరకు జానీ ఓల్సన్, ఆయన తరువాత రాడ్ రాడీ తమ గంభీర స్వరంతో శీతలయంత్రాన్నీ పడవనూ కారునూ వర్ణించారు. అదే సమయంలో ఒక స్త్రీ ఆ వస్తువు అంచు వెంబడి చేతిని మెల్లగా జరిపేది. మన నాట్యశాస్త్రం అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగు విధాలుగా చెప్పింది. మోడల్‌కు అంగవిన్యాసం ఇచ్చారు, ఆహార్యం పుష్కలంగా ఇచ్చారు. వాచికాన్ని మాత్రం తీసివేశారు. ఇక సాత్త్వికం అంటారా, నవ్వు తప్ప మరొక భావానికి అక్కడ చోటులేదు.

1963 డిసెంబరు 30న ‘లెట్స్ మేక్ ఎ డీల్’ అనే మరొక ఆట మొదలయింది. బేరం కుదుర్చుకుందాం రండి అని పిలుపు. నిర్వాహకుడు మాంటీ హాల్. తెరల పక్కన, పెట్టెల పక్కన నిలిచి చూపించినవారు కెరోల్ మెరిల్. 1977 వరకు ఆమె ఆ పని చేశారు. గణితం చదివిన మిత్రులకు ‘మాంటీ హాల్ సమస్య’ తెలిసే ఉంటుంది. మూడు తలుపులు, ఒక దాని వెనుక కారు, రెండింటి వెనుక మేకలు. మొదట ఎంచుకున్న తలుపును మార్చుకోవడం మేలా కాదా అన్నది ప్రశ్న. మార్చుకుంటే గెలిచే అవకాశం మూడింట రెండు వంతులు. 1975లో స్టీవ్ సెల్విన్ అనే శాస్త్రవేత్త దీనిని ఒక గణాంకశాస్త్ర పత్రికలో ప్రతిపాదించారు. 1990లో మేరిలిన్ వాస్ సవాంట్ అనే రచయిత్రి తన పత్రికా శీర్షికలో సరియైన జవాబు చెబితే, గణిత పండితులు కూడా ఆమెను తప్పుబట్టి ఉత్తరాలు వ్రాశారు. చివరికి ఆమె మాటే నెగ్గింది. మాంటీ హాల్ పేరు ఆ విధంగా గణితశాస్త్రంలో శాశ్వతమైంది. పద్నాలుగు సంవత్సరాలు ఆ తెరల పక్కన నిలిచిన కెరోల్ మెరిల్ పేరు ఆ సమస్యకు అంటలేదు.

1965లో ఆగిపోయిన ‘ది ప్రైస్ ఈజ్ రైట్’ను సి.బి.ఎస్. సంస్థ 1972 సెప్టెంబరు 4న కొత్త రూపంలో మళ్ళీ మొదలుపెట్టింది. నిర్వాహకుడు బాబ్ బార్కర్. మోడళ్ళు జానిస్ పెనింగ్టన్, అనీత్రా ఫోర్డ్. తరువాత 1975లో డయాన్ పార్కిన్సన్, 1977లో హాలీ హాల్‌స్ట్రామ్ వచ్చారు. 1990లో చేరిన కాథ్లీన్ బ్రాడ్లీ ఆ ఆటలో స్థిరంగా పనిచేసిన మొదటి నల్లజాతి మోడల్. అంటే అందుకు పద్దెనిమిదేళ్ళు పట్టిందన్నమాట. వీరందరికీ కలిపి ‘బార్కర్స్ బ్యూటీస్’ అని పేరు. షష్ఠీ విభక్తిని గమనించండి. అందగత్తెలు సరే, కాని ఎవరివారు? బార్కర్ గారి వారు!

ఊరక నిలబడి నవ్వడం కూడా ఒక పనేనా అని అనేవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. జానిస్ పెనింగ్టన్ కథ వింటే ఆ మాట అనబుద్ధి కాదు. ఆమె భర్త ఫ్రిట్జ్ స్టామ్‌బెర్గర్ జర్మనీకి చెందిన పర్వతారోహకుడు. 1975లో పాకిస్తాన్‌లోని తిరిచ్ మీర్ శిఖరానికి వెళ్ళి తిరిగి రాలేదు. శవం దొరకలేదు. భర్త ఉన్నాడో లేడో తెలియని స్థితిలో ఆమె ఏళ్ళ తరబడి వెదికారు. ఆ వెదుకులాటను గురించి 1994లో ఒక పుస్తకం కూడా ప్రకటించారు. ఆ సంవత్సరాలలో సైతం దేశంలోని గృహిణులు పగటిపూట టీవీ పెడితే, కొత్త కారు పక్కన నిలిచి నవ్వుతూ ఆమే కనిపించేవారు. ఆ నవ్వు వెనుక ఏమున్నదో చూసేవారికి తెలియదు. తెలియనివ్వకపోవడమే ఆమె ఉద్యోగం.

1988లో చిత్రీకరణ జరుగుతుండగా కెమెరా ఒకటి ఢీకొని ఆమె వేదిక మీది నుంచి క్రింద పడ్డారు. భుజానికి శస్త్రచికిత్స జరిగింది. మచ్చలు మిగిలాయి. ఆ తరువాత ఈత దుస్తులలో కనబడడం మానివేశారు. 2000లో ఆమె, కాథ్లీన్ బ్రాడ్లీ ఇద్దరూ ఆ ఆట నుంచి నిష్క్రమించారు. అప్పటికి పెనింగ్టన్ అక్కడ చేరి ఇరవై ఎనిమిదేళ్ళు. ఆమె మాత్రం చేతులు ముడుచుకొని కూర్చోలేదు. అప్పటికే, 1997లోనే, తన రెండవ భర్తతో కలిసి హాలీవుడ్ చలనచిత్రోత్సవాన్ని స్థాపించి ఉన్నారు.

ఇక్కడ రెండు సంగతులు పక్కపక్కన పెట్టి చూడాలి. బాబ్ బార్కర్ 1987లో జుట్టుకు రంగు వేయడం మానివేశారు. తెల్లజుట్టుతోనే తెర మీదికి వచ్చారు. ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. పైపెచ్చు ఆ నెరసిన జుట్టు ఆయనకు పెద్దరికం తెచ్చింది. మరుసటి ఏడు ఆయన ఆ కార్యక్రమానికి ముఖ్య నిర్మాత కూడా అయ్యారు. 2007లో ఎనభై మూడేళ్ళ వయసున సగౌరవంగా విరమించారు. 2023 ఆగస్టులో తొంభై తొమ్మిదేళ్ళ వయసులో కాలం చేశారు. జంతువుల పట్ల ఆయన చూపిన దయ ప్రసిద్ధం. తన ఆటలో బొచ్చుకోటులను బహుమతిగా ఇవ్వడం మాన్పించిన వ్యక్తి ఆయన. ఇది మొదటి సంగతి.

రెండవది హాలీ హాల్‌స్ట్రామ్ సంగతి. ఎర్రజుట్టు, హాస్యస్ఫూర్తి, వేదిక మీద అప్పుడప్పుడు తడబడి తానే నవ్వేసే స్వభావం వలన ఆమె జనానికి ఇష్టురాలయ్యారు. పద్దెనిమిదేళ్ళు పనిచేశారు. 1995లో ఆమె ఉద్యోగం పోయింది. వైద్యుడు ఇచ్చిన మందుల వలన బరువు పెరిగినందుకే తనను తీసివేశారని ఆమె అన్నారు. అది నిజం కాదని, ఖర్చు తగ్గించుకోవడానికే అలా చేశామని బార్కర్ పక్షం వాదించింది. ఆమె మాటల వలన తన పరువు పోయిందని బార్కర్ దావా వేశారు. ఆమె ఎదురు దావా వేశారు. దాదాపు పదేళ్ళు ఆ వ్యాజ్యం సాగింది. ఆ ఖర్చులకు ఇల్లు కూడా అమ్ముకోవలసి వచ్చిందని ఆమె తరువాత చెప్పుకున్నారు. 2005లో రాజీ కుదిరింది. ఆ రాజీలో ఆమె పట్టుబట్టి సాధించుకున్నది ఒకటున్నది. ఈ విషయమై నోరు మెదపరాదనే షరతుకు ఆమె ఒప్పుకోలేదు. ఇటువంటి రాజీలలో డబ్బుతోపాటు మౌనాన్ని కూడా కొనడం అక్కడ మామూలు. డబ్బు తీసుకున్నారు కాని మౌనం అమ్మలేదు. పద్దెనిమిదేళ్ళు మాట లేని పని చేసిన మనిషి చివరకు మాటనే నిలబెట్టుకోవడం ఈ చరిత్రలో నాకు మిక్కిలి గౌరవం కలిగించిన ఘట్టం.

డయాన్ పార్కిన్సన్ 1993లో ఆటను విడిచి, మరుసటి సంవత్సరం బార్కర్ మీద లైంగిక వేధింపుల ఆరోపణతో దావా వేశారు. పరస్పర అంగీకారంతో జరిగిన సంబంధమే కాని వేధింపు కాదని ఆయన జవాబిచ్చారు. 1995లో ఆమె దావాను ఉపసంహరించుకున్నారు. నిజానిజాలు న్యాయస్థానం తేల్చలేదు కనుక మనం తీర్పు చెప్పరాదు. యజమానే సహనటుడుగా ఉన్న చోట ఫిర్యాదు ఎవరితో చెప్పుకోవాలన్న ప్రశ్న మాత్రం మిగిలిపోతుంది.

బార్కర్ వెళ్ళిన తరువాత, 2007 నుంచి డ్రూ కేరీ నిర్వాహకుడు. మనిషి మారినంత మాత్రాన చిక్కు తీరలేదు. 2002లో చేరిన బ్రాండీ కాక్రన్ 2008లో కవల పిల్లలతో గర్భవతి అయ్యారు. ఒక బిడ్డ దక్కలేదు. రెండవ బిడ్డ 2009లో నెలలు నిండకుండానే పుట్టింది. పసిబిడ్డ కోలుకున్న తరువాత 2010లో తిరిగి పనికి వస్తానంటే తీసుకోలేదని ఆమె దావా వేశారు. ఉన్న మోడళ్ళు చాలునని, అందుకే తీసుకోలేదని నిర్మాతలు వాదించారు. 2012 నవంబరులో లాస్ ఏంజలిస్ జ్యూరీ ఆమె పక్షాన తీర్పు చెప్పింది. నష్టపరిహారంగా 7 లక్షల 70 వేల డాలర్లకు పైగా, నిర్మాతలకు శిక్షగా మరి 77 లక్షల డాలర్లు ఇమ్మన్నది. అయితే 2013లో న్యాయమూర్తి ఆ తీర్పును రద్దుచేసి మళ్ళీ విచారణ జరపాలన్నారు. ఆ మధ్యకాలంలో కాలిఫోర్నియా సర్వోన్నత న్యాయస్థానం మరొక వ్యాజ్యంలో ఒక కొత్త సూత్రం చెప్పింది. ఉద్యోగం పోవడానికి వివక్ష ఒక కారణమైతే చాలదు, గణనీయమైన కారణం కావాలన్నది ఆ సూత్రం. జ్యూరీకి ఆ విధంగా బోధించలేదన్నది రద్దుకు హేతువు. చివరికి ఇదీ రాజీతోనే ముగిసింది.

బరువు, వయసు, గర్భం. ఈ మూడూ మానవదేహానికి సహజ ధర్మాలు. దేహాన్నే పనిముట్టుగా చేసిన వృత్తిలో ఈ మూడూ దోషాలయ్యాయి. వడ్రంగి ఉలికి పదును తగ్గితే సాన పడతాడు. మోడల్ విషయంలో ఉలీ తానే, వడ్రంగీ తానే. సాన పట్టే హక్కు మాత్రం ఇంకొకరిది.

ఈ చరిత్రలో వేరొక త్రోవ కూడా ఉన్నది. 1975 జనవరి 6న మొదలైన ‘వీల్ ఆఫ్ ఫార్చ్యూన్’ అనే ఆటలో అదృష్టచక్రం తిప్పి, ఒక్కొక్క అక్షరంగా మరుగున ఉన్న వాక్యాన్ని కనిపెట్టాలి. అక్షరాల పలకలను తిప్పే పని తొలుత సూజన్ స్టాఫర్డ్‌ది. 1982లో ఆమె తనంతట తానే ఆ పని మాని, రోగుల సేవకు వెళ్ళారు. జనాదరణ ఉన్న వేదికను వదిలి వెళ్ళడం అందరూ చేయగలిగినది కాదు.

ఆమె స్థానంలో 1982 డిసెంబరులో వచ్చినవారు వానా వైట్. తమాషా ఏమంటే 1980లో ఆమె ‘ది ప్రైస్ ఈజ్ రైట్’లో పోటీదారుగా వచ్చి, ఒక్క ధర కూడా సరిగా చెప్పలేక వెళ్ళిపోయారు. ధర ఊహించలేని ఆమె విలువ ఇంతింత కాదని తరువాత తేలింది. అక్షరాలు తిప్పడం, చప్పట్లు కొట్టడం, చివర వీడ్కోలు చెప్పడం. ఇంతే పని. అయినా అమెరికాలో ఆమె పేరు తెలియనివారు లేరు. 1987లో ప్రకటించిన ఆత్మకథకు ‘వానా స్పీక్స్’ అని పేరు పెట్టారు. ‘వానా మాట్లాడుతున్నది’ అని అర్థం. మాట్లాడడమే వింత అయిన వృత్తికి ఇంతకన్న తగిన శీర్షిక ఉండదు. ప్రతి రాత్రీ కొత్త గౌను కడతారు. ఆ గౌనులు ఆమెవి కావు. చిత్రీకరణ ముగియగానే తెచ్చిన చోటికే తిరిగి పోతాయి.

ఆ కాలంలోనే శాంసంగ్ సంస్థ తన వీడియో యంత్రానికి ఒక ప్రకటన వేసింది. అందులో ఒక మరమనిషి. తలకు బంగారు రంగు సవరం, ఒంటికి గౌను, మెడలో నగలు, పక్కన అక్షరాల పలక. క్రీస్తుశకం 2012 నాటికి కూడా సాగుతున్న ఆట అని వ్యాఖ్య. వానా పేరు లేదు, ముఖం లేదు, సంతకం లేదు. అయినా ఇది నేనే అని ఆమె దావా వేశారు. 1992లో తొమ్మిదవ సర్క్యూట్ అప్పీలు న్యాయస్థానం ఆమె వాదాన్ని జ్యూరీ ముందు ఉంచదగినదే అన్నది. ఒక మనిషి గుర్తింపు పేరులోనూ ముఖంలోనూ మాత్రమే ఉండదని, ఆ గుర్తింపును ఏ విధంగా వాడుకున్నా హక్కుకు భంగమేనని ఆ తీర్పు సారాంశం. 1994లో జ్యూరీ ఆమెకు 4 లక్షల 3 వేల డాలర్లు ఇప్పించింది. ఇది హద్దు మీరిన హక్కు అని విమర్శించిన న్యాయమూర్తులూ ఉన్నారు. ఆ తీర్పును అమెరికా న్యాయవిద్యార్థులు నేటికీ చదువుతారు.

ఆ ప్రకటనలోని పరిహాసం, ఈ పనికి మనిషి ఎందుకు, మర చాలదా అని. 1997లో నిజంగానే పలకలు తిప్పే అవసరం పోయింది. విద్యుత్ తెరలు వచ్చాయి. వేలితో తాకితే చాలు, నిజానికి ఆ తాకడమూ అక్కరలేదు. అయినా ఆమె నిలిచారు. ప్రకటన చెప్పిన 2012 వచ్చింది, పోయింది. మరమనిషి రాలేదు, వానా వైట్ అక్కడే ఉన్నారు. అంటే ఆమె చేస్తున్న పని పలకలు తిప్పడం కాదన్నమాట. ఓడేవారి పక్షాన, గెలిచేవారి పక్షాన ఒక మనిషి సాక్షిగా నిలవడమే ఆమె పని. 2019 చివరలో నిర్వాహకుడు పాట్ సేజాక్‌కు శస్త్రచికిత్స జరిగితే కొద్ది వారాలు ఆమే ఆటను నడిపించారు. చేరిన ముప్పై ఏడవ ఏట ఆమెకు ‘వాచికం’ లభించింది. 2023లో, ఎన్నో ఏళ్ళుగా ఆమె జీతం పెరగలేదని పత్రికలు వ్రాశాయి. ఆ ఏడే 2025-26 వరకు కొత్త ఒప్పందం కుదిరింది. సేజాక్ 2024 జూన్‌లో విరమించారు. ఆయన తరువాత నిర్వహణ ఆమెకు కాక ర్యాన్ సీక్రెస్ట్‌కు దక్కింది.

ఈ వృత్తి అమెరికాకే పరిమితం కాదు. ఇటలీలో 1955లో మైక్ బొంజోర్నో నిర్వహించిన విజ్ఞాన పరీక్షలో ఆయన పక్కన నిలిచిన ఎడీ కాంపన్యోలీ ఈ కోవకు చెందినవారే. ఆ దేశంలో ఇటువంటివారిని ‘వల్లెట్టా’ అంటారు. రాజుల కొలువులో ఊడిగం చేసే కుర్రవానికి ఉన్న పేరుకు అది స్త్రీలింగ రూపం. మన అడపకత్తెకు అది చక్కని సమానార్థకం! ఇంగ్లండులో కథ కాస్త భిన్నంగా నడిచింది. 1982 నవంబరు 2న మొదలైన ‘కౌంట్‌డౌన్’ ఆటలో లెక్కలు కట్టడానికి కేంబ్రిడ్జిలో ఇంజనీరింగ్ చదివిన కెరోల్ వోర్డర్‌మన్ వచ్చారు. క్రమంగా పలకలు పెట్టే పని కూడా ఆమెదే అయింది. పలక పెట్టే చేయీ, లెక్క కట్టే బుద్ధీ ఒకే మనిషివి కావచ్చునని ఆమె 2008 వరకు ప్రతి మధ్యాహ్నం నిరూపించారు.

2005 డిసెంబరులో అమెరికాలో ‘డీల్ ఆర్ నో డీల్’ మొదలయింది. డచ్చి దేశంలో పుట్టిన ఆట ఇది. ఇరవై ఆరు పెట్టెలు, వాటిని పట్టుకొని ఒకే రకం దుస్తులలో ఇరవై ఆరుగురు స్త్రీలు. మన దేశంలో సోనీ టెలివిజన్‌లో అదే ఏడు మాధవన్ నిర్వాహకుడుగా దీని హిందీ రూపం వచ్చింది. ఇంగ్లండులో కూడా అదే ఏడు మొదలయింది. అక్కడ మాత్రం పెట్టెలు పట్టుకొన్నవారు మోడళ్ళు కారు, తమ వంతు కోసం వేచి ఉన్న తోటి పోటీదారులే. ఆట రక్తి కట్టడానికి అలంకరించిన స్త్రీలు తప్పనిసరి కాదని ఆ ఇంగ్లండు ఆట చూసినవారికి తెలుస్తుంది.

అమెరికా ఆటలో 24వ పెట్టె పట్టుకొన్న యువతి మేగన్ మార్కల్. 2018లో ఇంగ్లండు రాజకుమారుని పెళ్ళాడారు. నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో నాటకరంగమూ అంతర్జాతీయ వ్యవహారాలూ చదివి, అర్జెంటీనాలో అమెరికా రాయబార కార్యాలయంలో కొంతకాలం పనిచేసిన తనను అక్కడ కేవలం రూపంగా మాత్రమే చూశారని, అందుకే మానివేశానని ఆమె 2022లో చెప్పారు. దీనికి అదే వేదిక మీద పనిచేసిన క్లాడియా జోర్డన్ ఒప్పుకోలేదు. ఆ ఉద్యోగం తమకు గౌరవంగానే జరిగిందని, ఎన్నో అవకాశాలకు త్రోవ చూపిందని ఆమె జవాబిచ్చారు. ఇద్దరూ నిజమే చెప్పారని నా అభిప్రాయం. ఒకరికి ఇరుకైన గది, మరొకరికి వీధి వాకిలి. పనిని బట్టి మాత్రమే కాదు, పనికి రాకముందు మనిషికి ఉన్న దారులను బట్టి కూడా అవమానమో అవకాశమో అవుతుంది. ఉపాధిని నిందించే తొందరలో ఆ ఉపాధి మీద బ్రతికినవారిని నిందించకుండా ఉండడం మన బాధ్యత.

2012లో ‘ది ప్రైస్ ఈజ్ రైట్’ తొలిసారిగా ఒక పురుషుని మోడల్‌గా తీసుకున్నది. ఎంపిక పోటీలో నెగ్గిన ఆయన పేరు రాబ్ విల్సన్. పని అదే, నవ్వు అదే. ‘సుందరాంగులు’ అనే పాత సమాసం మాత్రం ఆయనకు అతకలేదు. పురుషుడు వచ్చి నిలిచాక, ఇది స్త్రీ స్వభావం కాదు, నేర్చి చేసే ఒక పని మాత్రమే అని ఒప్పుకోక తప్పలేదు.

చివరిగా ఒక చిన్న ఘటన. 2015 ఏప్రిల్ 9న ప్రసారమైన ఆటలో పోటీదారు కారు ధరను ఊహించాలి. ధరల చీట్లు వరుసగా ఉన్నాయి. పోటీదారుకు ఇంకా ఒక అవకాశం మిగిలి ఉండగానే మాన్యులా అర్బెలాయెజ్ అనే మోడల్ పొరపాటున సరియైన ధరగల చీటీని తొలగించి చూపేశారు. తప్పు తెలుసుకొని సిగ్గుతో ముఖం దాచుకున్నారు. డ్రూ కేరీ నవ్వి, ఆట ముగిసిందని, కారు పోటీదారుదేనని ప్రకటించారు. ఆమెను ఎవరూ శిక్షించలేదు. ఆ దృశ్యం ప్రపంచమంతా తిరిగింది. వేల రోజులు ఏ పొరపాటూ చేయని ఎందరి పేర్లో ఎవరికీ గుర్తులేవు. చేయి ఒక్కసారి తప్పినందుకు ఆమె పేరు అందరికీ తెలిసింది.

జూన్ ఫెర్గూసన్, టోనీ వాలెస్, కెరోల్ మెరిల్, జానిస్ పెనింగ్టన్, హాలీ హాల్‌స్ట్రామ్, కాథ్లీన్ బ్రాడ్లీ, బ్రాండీ కాక్రన్, సూజన్ స్టాఫర్డ్. ఏ తప్పూ చేయకుండానే గుర్తుంచుకోదగిన పేర్లు ఇవి. అందుకే ఇక్కడ ఒక్కచోట వ్రాసి పెట్టాను. ఈ కోవలో మీకు తెలిసిన పేర్లు ఇంకా ఉంటే వ్రాయండి, చేర్చుకుంటాను.

స్వస్తి.